పరిగె ఏరే కెమెరా



కంటితో చూసే వీడియోల గురించి చెవితో వినే రేడియోలో మాట్లాడమన్నారు. కొంచెం తమాషాగానే ఉంది. అయినా మాట్లాడుకోవాల్సిన సంగతే. వెనక నిర్మాత, చుట్టూ యూనిట్టు, ముందు మేకప్ మేన్ లేకుండా, ఒక ఫోనో చిన్న కెమెరానో పట్టుకుని సొంతంగా వీడియోలు తీసేవాళ్ళు ఇవాళ ఊరూరా ఉన్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మాలో ఏ ఇద్దరు కలిసినా ముందు కెమెరాల కబుర్లు, మైకుల ధరలు నడుస్తాయి. అవి అయిపోయాక ఒక ప్రశ్న వస్తుంది: "తర్వాత ఏం తీస్తున్నావు?" అక్కడికొచ్చేసరికి చాలామంది నీళ్ళు నములుతారు. పనిముట్లు చౌకయ్యాయి. పాఠాలు ఊరికే దొరుకుతున్నాయి. ఏం తీయాలో మాత్రం తోచదు. ఆ తోచడం ఎలా జరుగుతుందన్నదే ఈ కాసేపూ మన ముచ్చట.

ఆనియెస్ వార్దా అని ఫ్రాన్సులో ఒక దర్శకురాలు ఉండేది. 1950ల నుంచి సినిమాలు తీసిన మనిషి. డెబ్బై ఏళ్ళు దాటాక ఆవిడ అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా ఒకటి పట్టుకుని పొలాల వెంట, సంతల వెంట తిరిగింది. కోతలై కుప్పలు ఇంటికి చేరాక చేలో రాలిన వెన్నుల్ని ఏరుకునేవాళ్ళు మన పల్లెల్లోనూ ఉన్నారు కదా, పరిగె ఏరుకోవడం అంటాం. ఆ పనే చేసుకునే ఫ్రాన్సు జనం మీద ఆవిడ తీసిన డాక్యుమెంటరీ 2000లో వచ్చింది. బంగాళాదుంపల్ని యంత్రాలతో తవ్వి తీశాక, దుకాణాలు అడిగే సైజుకి సరిపోనివి, వంకర తిరిగినవి తెచ్చి పొలంలో కుమ్మరించి పోతారు. ఆ గుట్టలో వార్దాకి హృదయం ఆకారంలో ఉన్న దుంపలు కనిపించాయి. సంబరంగా ఏరి ఇంటికి తెచ్చుకుంది. ఒక చేత్తో కెమెరా పట్టుకుని, ముడతలు పడ్డ తన రెండో చేతిని తానే తీసుకుంది. ఒకచోట కెమెరా ఆపడం మరిచిపోతే, లెన్సు మూత దారానికి వేలాడుతూ గాల్లో ఊగడం రికార్డయింది. ఇంకొకరైతే చెరిపేసేవారు. ఆవిడ దానికి జాజ్ సంగీతం జోడించి, మూత నాట్యమాడుతున్నట్టు సినిమాలోనే ఉంచేసింది.

తానూ పరిగె ఏరుకునేదాన్నేనని, తాను ఏరేది దృశ్యాలనని వార్దా చెప్పుకుంది. సొంతంగా వీడియోలు తీసే మనందరికీ ఇంతకంటే సరైన పోలిక నాకు ఇంకొకటి దొరకలేదు. పెద్ద సినిమా కోతయంత్రం లాంటిది. ఎకరాలకెకరాలు ఊడ్చుకుపోతుంది, కానీ ఒక్క వెన్ను కోసం ఆగలేదు. ఆగితే కాల్షీట్లు, బేటాలు, జనరేటర్ అద్దె గంట గంటకీ పెరుగుతాయి. టీవీ వార్తల కెమెరా పరిస్థితీ అంతే, సాయంత్రం బులెటిన్‌కి బొమ్మ అందాలి. వాళ్ళు వదిలి వెళ్ళిన దానికోసం వంగే తీరిక మనకే ఉంది. వాళ్ళ దగ్గర లేనిది, మన దగ్గర పుష్కలంగా ఉన్నది ఏదైనా ఉందంటే అది కాలం. కళగా చెప్పుకోదగ్గ వీడియో ఏదైనా ఆ కాలాన్ని ఖర్చుపెట్టడంలోంచే పుడుతుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే.

మన దగ్గరి సంగతులే చూద్దాం. తెనాలి దగ్గర గుడివాడ అనే చిన్న ఊరు. అక్కడ నూరేళ్ళు పైబడ్డ అవ్వగా ప్రపంచానికి పరిచయమైన మస్తానమ్మ గారు పొలం గట్టున కట్టెల పొయ్యి పెట్టి వండేవారు. మనవడి వరసైన కుర్రాడు ఒకతను స్నేహితుడితో కలిసి 2016లో ఆ వంటని తీయడం మొదలుపెట్టాడు. స్టూడియో లేదు, గ్రానైటు గట్టు లేదు, కొలతల చెంచాలు లేవు. పుచ్చకాయ డొల్లలో కోడికూర ఉడకడం, గోళ్ళతోనే పొట్టు తీసే ఆవిడ చేతులు, పొగకి చికిలించిన కళ్ళు, ఇవే ఆ వీడియోలు. తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు కూడా కూర్చుని చూశారు. 2018 డిసెంబరులో ఆవిడ కన్నుమూస్తే దేశదేశాల పత్రికలు రాశాయి. వంటల కార్యక్రమాలు తీసే పెద్ద ఛానెళ్ళు ఎన్నున్నా, ఆ పొలం గట్టుకి కెమెరా పట్టుకెళ్ళాలని ఇంటి పిల్లలకే తోచింది.

ఇంకొకటి తెలంగాణలో. మల్యాల మండలం లంబాడిపల్లి. శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' అనే యూట్యూబు ఛానెల్ మొదలుపెట్టినప్పుడు ఆ ఊరు కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. ఊరి మనుషులే నటులు, ఊరి భాషే సంభాషణ, ఊరి పంచాయితీలే కథలు. పొలం కూలికి వెళ్ళి, బీడీలు చుట్టి బతికిన గంగవ్వ ఆ వీడియోలతోనే ఇంటింటికీ తెలిసింది, 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా వెళ్ళింది. సినిమాల్లో అప్పటిదాకా ఆ యాసని ఎక్కువగా హాస్యపాత్రలకో, విలన్ పక్కవాళ్ళకో వాడుకున్నారు. ఇక్కడ అదే యాసలో మనిషి కోపగించుకుంది, బతిమాలింది, తెలివిగా మాట్లాడి గెలిచింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతని లంబాడిపల్లి కుర్రాళ్ళు తిరగరాశారు.

ఈ రెండింటిలోనూ గమనించాల్సింది ఒకటుంది. ఊరు ఉన్నంత మాత్రాన వీడియో రాదు. అవ్వ ప్రతి ఇంట్లోనూ ఉంది, యాస ప్రతి ఊరికీ ఉంది. వీళ్ళు ఒకే చోటుకి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. మొదటిసారి కెమెరా పెడితే మనుషులు బిగుసుకుపోతారు, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడతారు. నాలుగోసారో అయిదోసారో కెమెరా సంగతి మరిచి తమ పని తాము చేసుకుంటారు. అసలు వీడియో అక్కడ మొదలవుతుంది. ఓపిక లేనివాడు మొదటి రోజు ఫుటేజీతోనే ఎడిటింగ్‌కి కూర్చుంటాడు.

ఎదురుచూపు సంగతి వచ్చింది కాబట్టి దర్శకుడు సత్యజిత్ రాయ్ గుర్తుకు రాకమానడు. 'పథేర్ పాంచాలి' సినిమా మొదలుపెట్టేనాటికి ఆయన కలకత్తాలో ప్రకటనల కంపెనీ ఉద్యోగి. షూటింగు సెలవు రోజుల్లో. కెమెరామన్ సుబ్రత మిత్రకి ఇరవై దాటాయంతే, అంతకుముందు సినిమా కెమెరా నడిపినవాడు కాదు. 1952 అక్టోబరులో రెల్లు పూసిన పొలంలో అక్కాతమ్ముళ్ళ సన్నివేశం మొదలుపెట్టారు. వచ్చే ఆదివారం మిగతాది తీద్దామని వెళ్ళేసరికి పశువులు పూలన్నీ మేసేశాయి. మళ్ళీ రెల్లు పూసేదాకా ఆగారు. మధ్యలో డబ్బులైపోయాయి. ఇన్సూరెన్సు మీద అప్పు, భార్య నగల తాకట్టు, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సాయం. సినిమా విడుదలైంది 1955లో. ఇంత ఆలస్యంలో బాలనటుడి గొంతు మారకపోవడం, దుర్గ వేషం వేసిన అమ్మాయి మరీ ఎదిగిపోకపోవడం, ముసలవ్వ వేషం వేసిన ఎనభై ఏళ్ళ చునీబాలా దేవి బతికే ఉండడం అద్భుతాలని ఆ తర్వాత రాయ్ చెప్పుకున్నాడు.

రాయ్, మిత్ర జంట తర్వాతి సినిమా 'అపరాజితో'. కాశీలోని ఇంటి వాకిలిని కలకత్తా స్టూడియోలో సెట్టు వేశారు. నడిమి వాకిట్లో పైనుంచి దిగే వెలుగు మెత్తగా, నీడ పడీపడనట్టు ఉంటుంది. స్టూడియో దీపాలు వేస్తే నీడలు గీతగీసినట్టు పడతాయి. సుబ్రత మిత్ర సెట్టు పైన తెల్లటి గుడ్డ కట్టించి, దీపాల్ని ఆ గుడ్డ మీదికి తిప్పాడు. వెలుగు గుడ్డకి తగిలి కిందికి పరుచుకుంది. ఇది 1956 నాటి మాట. అదే సూత్రంతో ఇవాళ మీరు మీ ఇంట్లో తెల్ల పంచె ఒకటి కిటికీకి ఎదురుగా కట్టినా, థర్మోకోల్ షీటు ఒకటి గోడకి ఆనించినా మనిషి మొహం మీద చీకటి భాగం తేలికపడుతుంది. ఆ పంచె విద్య కాశీ వాకిలి వెలుగుని శ్రద్ధగా గమనించినవాడి నుంచి మనకి వచ్చింది. ముందు చూపు, ఆ తర్వాతే ఉపాయం.

ఇప్పుడు నా అనుభవం ఒకటి దగ్గరగా చూపిస్తాను. విజయవాడకి దగ్గర్లో ఉన్న కొండపల్లి బొమ్మల మీద వీడియో తీద్దామనుకున్నాను. వాటి మీద వీడియోలకి కొదవ లేదు. అన్నింటిలోనూ అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, రంగులతో మెరిసిపోతూ వరసగా కనిపిస్తాయి. ఎన్నేళ్ళుగా చేస్తున్నారు, గిట్టుబాటవుతోందా అని రెండు ప్రశ్నలు, అయిపోయింది. నేనూ అవే ప్రశ్నలు రాసుకుని బొమ్మలు చేసే ఒక ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటి పెద్దాయన పనిలో ఉన్నారు. "కూర్చో బాబూ, చెయ్యి ఖాళీ అవనీ" అన్నారు. చెయ్యి ఖాళీ అవలేదు. నేను కూర్చుండిపోయాను.

కూర్చోబట్టి తెలిసింది. బొమ్మ ఒక్క చెక్కలోంచి రాదు. తెల్ల పొణికి కర్రని సన్నటి సెగ మీద చెమ్మ పోయేదాకా ఆరబెడతారు. ఒళ్ళు వేరు, చేతులు వేరు, తల వేరుగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. ఆ ఇంటావిడ మక్కుని వేలితో తీసి, ఏనుగు తొండం ఒంటికి కలిసేచోట పెట్టి, బొటనవేలు తడిచేసుకుని రుద్దుతున్నారు. అతుకు మాయమైపోయింది. ఆవిడ వేలు తీసేశాక అక్కడ రెండు ముక్కలుండేవని ఎవరూ చెప్పలేరు. కెమెరాని ఆ వేలి మీదే ఉంచాను. ఆ తర్వాత పెద్దాయన రంగు వేసి ఆరిన బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, కళ్ళు దిద్దబోతూ ఫ్యాను ఆపమన్నారు. ఆకురాయి చప్పుడు ఆగింది. పక్కన అల్లరి చేస్తున్న మనవరాలు తనంతట తానే నోరు మూసుకుంది. ఆయన ఊపిరి బిగబట్టారు. కుంచె కొన రెండుసార్లు ఆనింది. ఊపిరి వదిలారు. ఆ వదిలిన ఊపిరి మైకులో స్పష్టంగా పడింది.

నా వీడియోకి ఆ ఊపిరే ఆధారమైంది. రాసుకెళ్ళిన ప్రశ్నలు వాడలేదు. మనవాళ్ళు ప్రేరణ అని గొప్పగా చెప్పుకునేది నాకు ఆ గదిలో ఇలా వచ్చింది. ఇంటి దగ్గర కుర్చీలో ఆలోచిస్తూ కూర్చుంటే అది తట్టే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ ఊపిరి సంగతి నాకు ముందు తెలియదు. అందుకే ఆలోచన వచ్చాక బయల్దేరుదామనుకునేవాళ్ళకి నేను చెప్పేది, ముందు బయల్దేరమనే. దారి కనబడకపోయినా చోటు ఒకటి ఎంచుకుంటే చాలు.

ఇక్కడ రేడియోకి నేను పడ్డ రుణం కూడా చెప్పాలి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి నాటకాలు వింటూ ఇళ్ళల్లో జనం బొమ్మల్ని తామే ఊహించుకునేవారు. తలుపు గడియ తీసిన చప్పుడు, చెప్పుల అడుగులు, మజ్జిగ చిలుకుతున్న శబ్దం వినిపిస్తే ఇల్లంతా కట్టినట్టే. వీడియో తీసేవాళ్ళలో ఎక్కువమంది బొమ్మ కోసం వేలు ఖర్చుపెట్టి, శబ్దాన్ని గాలికొదిలేస్తారు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినబడకపోతే మాత్రం క్షణం ఆగరు. ఎక్కడ షూట్ చేసినా, ఎవరూ మాట్లాడకుండా ఆ గది మౌనాన్ని ఒక్క నిమిషం రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో ముక్కకీ ముక్కకీ మధ్య గతుకు తెలియకుండా పూడ్చేది అదే. వీడియో పూర్తయ్యాక కళ్ళు మూసుకుని ఒకసారి వినండి. ఎక్కడున్నామో చెవికి తెలిస్తే ఆ వీడియోలో ప్రాణం ఉన్నట్టు.

సంగీతం మాటా అంతే. హిట్టయిన సినిమా పాట వెనక పెడితే యూట్యూబులోని కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు దాన్ని పట్టేస్తుంది. వీడియో మనదైనా, వచ్చే డబ్బు పాట హక్కుదారుడికి పోవచ్చు. ఈ ఇబ్బంది మంచికే అంటాను. పాట లేనప్పుడే మగ్గం చప్పుడు, పిండిమర మోత, ఊరి డప్పు వినబడతాయి. డప్పు వాయించినవాణ్ణి మాత్రం అడిగి, డబ్బిచ్చి రికార్డు చేసుకోండి. పరిగెకి కూడా ఒక పద్ధతి ఉంది కదా, కుప్ప ఎత్తాకే, రైతు సరేనన్నాకే చేలో దిగుతారు. మనిషి మొహం, మనిషి కష్టం, మనిషి పాట ఊరికే దొరికిన సరుకు కాదు. వీడియో బయటికి వదిలేముందు అందులో ఉన్నవాళ్ళకి చూపించడం, ఒద్దన్న ముక్క తీసేయడం మన మర్యాద.

ఇక డబ్బు, అంకెలు. 2005లో యూట్యూబులో పెట్టిన మొదటి వీడియో ఇరవై సెకన్లయినా లేదు. జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి ఒక కుర్రాడు వాటి తొండాల గురించి రెండు ముక్కలు మాట్లాడతాడు, అంతే. ఇవాళ ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం ఉండాలి. ఆ గంటలకి బదులు, షార్ట్స్ అనే చిన్న వీడియోలకి 90 రోజుల్లో కోటి వ్యూస్ వచ్చినా సరే. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. చూసిన ప్రతిసారీ సగటున నాలుగు నిమిషాలు ఆగారనుకున్నా 60,000 సార్లు చూడాలి. ఇది గడప మాత్రమే, ఇల్లు ఇంకా లోపల ఉంది. కాబట్టి మొదటి రోజు నుంచీ ఛానెల్ అన్నం పెట్టాలని పట్టుబట్టకండి. రాయ్ అంతటివాడు ఉద్యోగం చేసుకుంటూనే మొదలుపెట్టాడు. పొట్టకూటికి వేరే పని ఉన్నవాడికి తన వీడియోని అమ్ముకునే తొందర ఉండదు. ఆ తొందర లేకపోవడమే మన ఆస్తి.

ఆ ఆస్తిని దొంగిలించేది వ్యూస్ లెక్క. వీడియో పెట్టిన గంట నుంచీ ఫోను తీసి చూడడం మొదలవుతుంది. ఏ సెకనులో ఎంతమంది వెళ్ళిపోయారో యూట్యూబు గీత గీసి మరీ చూపిస్తుంది. నిదానమైన షాటు దగ్గర గీత దిగింది అనుకోండి, మరుసటి వీడియోలో ఆ షాటు కత్తిరిస్తాం. తర్వాత మౌనం కత్తిరిస్తాం. ఆ తర్వాత మొదటి అయిదు సెకన్లలో అరుపు పెడతాం. థంబ్‌నెయిల్ మీద నోరు తెరిచిన మొహం వస్తుంది. చివరికి పదిమంది వీడియోలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ఎవరిది ఏదో తీసినవాళ్ళే గుర్తుపట్టలేరు. ఆ గీతని పూర్తిగా పారేయమనను. మాట వినబడక వెళ్ళారా, మన ఉపన్యాసం విని వెళ్ళారా అని వెతుక్కోవడానికి పనికొస్తుంది. అయితే వెళ్ళినవాళ్ళ సంగతే ఆ గీత చెబుతుంది, చివరిదాకా కూర్చున్నవాళ్ళు ఎందుకు కూర్చున్నారో చెప్పదు. మనకి కావలసింది ఆ కూర్చున్నవాళ్ళు.

మరి ఏమీ తోచని రోజున ఏం చెయ్యాలి? ఇతరుల వీడియోలు చూస్తూ కూర్చుంటే వాళ్ళ ఆలోచనే మనకి అంటుకుంటుంది. నేను చేసే పనులు రెండు చెబుతాను. ఒకటి, పాత ఫుటేజీ తీసి మళ్ళీ చూస్తాను. వాడకుండా వదిలేసిన ముక్కల్లో కొత్త వీడియోకి మొదలు దొరుకుతుంది. కొండపల్లిలో మక్కు రుద్దిన ఆ వేలు కూడా ముందు అనుకున్న వీడియోలో ఇమడలేదు, ఇళ్ళల్లో ఆడవాళ్ళ పనికి పేరెందుకు రాదన్న ఇంకో వీడియోకి అదే తొలి షాటు అయింది. రెండోది, జేబులో చిన్న పుస్తకం పెట్టుకుంటాను. అందులో 'నిరుద్యోగం', 'చేనేత సంక్షోభం' లాంటి పెద్ద శీర్షికలు రాయను. చూసింది చూసినట్టు రాస్తాను. బస్టాండులో వేరుశనక్కాయలు అమ్మే ఆయన పొట్లం చుట్టేముందు కాగితం మీద వార్త చదువుతాడు, ఇలాగ. శీర్షికకి కెమెరా ఎక్కడ పెట్టాలో తెలియదు, పొట్లానికి తెలుస్తుంది.

వింటున్నవాళ్ళలో వీడియోలు తీసే పిల్లలూ, తీద్దామనుకుంటున్న పెద్దవాళ్ళూ ఉంటారు. వార్దా చిన్న కెమెరా పట్టింది డెబ్బై దాటాకేనని మరిచిపోకండి. ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగే చోటు ఒకటి ఎంచుకోండి. సైకిల్ షాపు, చేపల రేవు, ఇస్త్రీ బండి, ఏదైనా సరే. మొదటిసారి కెమెరా తీయకుండా వెళ్ళి, కాసేపు కూర్చుని, అక్కడివాళ్ళతో మాట్లాడి రండి. మళ్ళీ వెళ్ళినప్పుడు అడిగి తీయండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి వెళ్ళండి. మీ వీడియోని వందమందే చూడొచ్చు. అయినా ఆ ఇస్త్రీ బండి దగ్గర అంతసేపు కూర్చున్నవాడు మీరొక్కరే కాబట్టి, మీరు చూపించగలిగింది ఏ పెద్ద కెమెరా చూపించలేదు. వ్యూస్ ఎన్ని వస్తాయన్నది మన చేతిలో లేదు. ఎంతసేపు కూర్చుంటామన్నది మాత్రం పూర్తిగా మన ఇష్టం. ఆ ఇష్టాన్ని ఎవరికీ అమ్ముకోకండి.